చేనోని తొడ

నాకు కోపం ఎక్కువని ఊరంతా అంటుంది. అబద్ధమేం కాదు. మా నాయనకీ ఎక్కువే, ఆయన నాయనకైతే ఇంకా ఎక్కువట. వాళ్ల నుంచి నాకు వచ్చిన ఆస్తి రెండే: మానవపాడు దగ్గర నాలుగెకరాల నల్లరేగడి, ఈ కోపం. రెంటిలో ఏది బాగా పండిందో నన్నడక్కండి.

ముందు నా చేను ఎక్కడుందో చెప్పాలి. అది తెలియకపోతే నేనెట్లా ఇరుక్కున్నానో మీకర్థం కాదు. మా చేనుకి ఏ పక్కనా రోడ్డు లేదు. ఉత్తరాన వాగు, దక్షిణాన రాళ్లగుట్ట. తూర్పున శివకుమార్ పొలం, ముప్పై ఎకరాలు. ఆ పొలం మధ్యలోంచి ఒక బండిబాట ఉంది, మా తాత కాలం నుంచి మాకు అదే దారి. కాగితాల్లో ఎక్కడా ఆ బాట లేదు, నోటిమాట మీద నడుస్తోంది. పడమటన అబ్దుల్ వహాబ్ చేను. ఆయన చేనుకి అవతలి వైపు తారు రోడ్డుంది, కానీ ఆయన చేలోంచి పోవాలంటే ముందు మేమిద్దరం మాట్లాడుకోవాలి కదా. ఆ మాటలు ఎప్పుడో పోయాయి.

2009లో వరద వచ్చి మా చేలన్నీ మునిగాయి. హద్దురాళ్లు కొట్టుకుపోయాయి. నీళ్లు తీశాక వహాబ్ వాళ్ల నాయన రాళ్లు మళ్లీ పాతించాడు. పాతేటప్పుడు నాలుగడుగులు మా వైపు జరిపాడని నేనంటాను. జరపలేదని వాళ్లంటారు. నాలుగడుగుల వెడల్పు, చేను పొడుగునా. పెద్ద భూమేం కాదు, కానీ పదహారేళ్లుగా ఆ పట్టీలో వాళ్ల జొన్న మొలుస్తుంటే చూస్తూ నిలబడ్డవాణ్ని నేను. ఆ బాధ చూసినవాడికే తెలుస్తుంది.

ఇక వేట సంగతి. అడవి పందుల బెడద మా దిక్కు మామూలుది కాదు. ఒక్క గుంపు వచ్చిందంటే తెల్లారేసరికి అరెకరం దున్నేస్తాయి. వాటిని కాల్చడానికి శివకుమార్ పర్మిషన్ తెచ్చుకున్నాడు. ఆయనకి లైసెన్సు తుపాకీ ఉంది, జీపుంది, ఆదివారమైతే గద్వాల నుంచి వచ్చే దోస్తులున్నారు. వేటకి మా దగ్గర ఒక కట్టుబాటుంది. జంతువు వెంట పరుగెత్తేవాడు ఎవరి చేలో కాలు పెడుతున్నాడో చూసుకోడు, ఆ సమయంలో ఎవరూ అడగరు. కానీ అది ఎవరి చేలో కూలితే ఆ చేనోడికి వెనక తొడ ఒకటి ఇచ్చి తీరాలి. దాన్ని చేనోని తొడ అంటాం. ఇచ్చారంటే, నీ చేను తొక్కాం, ఇది నీ భూమని ఒప్పుకుంటున్నాం అని అర్థం. తీసుకున్నామంటే, తొక్కితే తొక్కారు పోండి అని. తొడ ఇవ్వకుండా పోయినవాణ్ని మా తాత ఒకసారి రోడ్డు దాకా తరిమాడట.

జనవరిలో ఒక ఆదివారం. పొద్దున్నే టీ తాగుతుంటే తుపాకీ చప్పుడు వినపడింది. మా అమ్మాయి సింధూజ పచ్చి శనగకాయలు కోసుకొస్తానంటే పొద్దెక్కాక బండి మీద ఎక్కించుకుని చేనుకి పోయాను. పోయి చూద్దును కదా, నా శనగచేలో జీపు చక్రాల జాడలు పడి ఉన్నాయి, ఈ చివర నుంచి ఆ చివరికి. కాయ పట్టిన శనగ చితికి నేలకి అతుక్కుపోయింది. జీపు పోయి వహాబ్ చేనుతో హద్దైన గెట్టు దగ్గర ఆగింది. శివకుమార్, ఇద్దరు దోస్తులు చేతులు కడుక్కుంటున్నారు. కోసి, చర్మం తీసి, గోనెసంచుల్లో మూటలు కూడా కట్టేశారు. వహాబ్ తన జొన్నలో కొంచెం దూరంగా నిలబడి ఉన్నాడు.

"ఎవర్నడిగి తోలిన్రు జీపు?" అని అరిచాను. "శనగ మీ తాత ఏసిండా?"

శివకుమార్ నవ్వాడు. నాకంటే పదేళ్లు చిన్నవాడు. "కోపం చేయకు మూర్తీ. పంది ఉరికింది, ఎనకాల ఉరికినం. నీ చేన్ల పడలే తియ్యి. గెట్టవతల పడ్డది, వహాబ్ భాయ్ చేన్ల. తొడ ఆయనకే ఇస్తున్నం."

అంతే. చితికిపోయిన శనగ మరిచిపోయాను, జీపు మరిచిపోయాను. రక్తం పడిన చోటు చూశాను. సరిగ్గా ఆ పట్టీలోనే.

"ఇది వహాబ్ చేనని ఎవలన్నరు నీకు?"

"జొన్న ఆయనదే కదనే."

"జొన్న ఆయనది. భూమి నాది." నా వేపచెట్టు దగ్గరికి పోయి అక్కణ్నుంచి పాదం వెంట పాదం ఆనించి అడుగులు వేస్తూ వచ్చాను, గట్టిగా లెక్కపెడుతూ. మా నాయన చెప్పిన లెక్క నలభై రెండు అడుగులు. ముప్పై ఎనిమిదికి రాయి వచ్చింది, నలభైకి రక్తం వచ్చింది. "సూడు! నీ కండ్లతో సూడు! నా భూమ్మీద పడ్డది. తొడ నాకియ్యాలె."

వహాబ్ రెండడుగులు ముందుకొచ్చాడు. అరవై ఏళ్లుంటాయి, చిన్నగా మాట్లాడే మనిషి. చాలా ఏళ్ల తర్వాత నాతో నేరుగా మాట్లాడాడు. "నాకొద్దు మూర్తీ. నువ్వు గూడ తీస్కోకు. మంచిగుండదు."

"ఎందుకు మంచిగుండదు? తీస్కుంటె పట్టీ నాదని తేలుతదనా?"

ఆయన శివకుమార్ వైపు చూశాడు. శివకుమార్ భుజాన తుపాకీ ఇంకా అట్లాగే ఉంది. వహాబ్ తల దించుకుని "తౌబా" అని చెంపలేసుకుంటూ వెనక్కి పోయాడు. నేను గెలిచాననుకున్నాను. ఒక మనిషి మంచి చెబుతుంటే ఓర్వలేక చెబుతున్నాడనుకున్నాను. నా బుద్ధిని చెప్పు తీసుకుని కొట్టాలి.

శివకుమార్ సంచిలోంచి తొడ తీసి నా చేతిలో పెట్టాడు. "సరే తీస్కో, నీదే."

అంతటితో ఊరుకున్నానా? లేదు. "సింధూ, ఫోన్ తియ్యి బిడ్డా, వీడియో వట్టు" అన్నాను. శివకుమార్ తుపాకీ తీసుకుని జీపు వెనక్కి పోయాడు, దోస్తులు కూడా పోయారు. వాళ్లెందుకు పోతున్నారని నాకు అనుమానం కూడా రాలేదు. తొడ పైకెత్తి పట్టుకుని, రక్తం మీద నిలబడి మాట్లాడాను. "ఈ పట్టీ కురుమూర్తిది, అబ్దుల్ వహాబ్‌ది కాదు. ఈడ వేట పడితె చేనోని తొడ నాకే రావాలె, ఇయ్యాల వచ్చింది. నన్నడగకుంట నా చేన్ల ఎవ్వడు కాలు పెట్టొద్దు!" ఆ వీడియోని ఊరి గ్రూపులో పెట్టించాను. సాయంత్రానికి తొంభై మంది చూశారు. మీసం మెలేసుకుని తిరిగాను.

ఇంట్లో మా ఆవిడ జోగులమ్మ తొడని కత్తిపీట ముందు పెట్టుకుని చాలాసేపు చూసింది. "ఏందయ్యా ఇది? పందికి ఇంత మందాన కొవ్వుంటది. దీనికి గోరంత లేదు."

"కరువు పందికి కొవ్వు యాడికెల్లొస్తది? వండు."

"తోలు గూడ తీసిచ్చిన్రు. పందికి తోలెవరన్న తీస్తరా? కాల్చుకోని తింటరు గని."

"నోరు మూసుకోని వండుతవా లేదా?" అన్నాను.

వండింది. తను తినలేదు, అమ్మాయికి పెట్టలేదు. మొదటి ముద్ద నోట్లో పెట్టగానే నాకు తెలిసిపోయింది, ఇది పంది కాదని. తెలిసీ మింగాను. వహాబ్ మీద గెలిచిన ముక్క అది, ఎట్లా ఉమ్మేస్తాను?

ఎవరో ఆ వీడియో చేరవేసినట్టున్నారు, మూడో రోజు ఫారెస్టు వాళ్లొచ్చారు. నలుగురు సిబ్బంది, వాళ్లకి పెద్ద పావని మేడం. ముప్పై ఏళ్లు కూడా ఉండవు, గొంతు పెంచదు. నన్ను చేనుకి తీసుకెళ్లి ఆ పట్టీలో తవ్వించారు. మూరెడు లోతులో తల బయటపడింది. మెలికలు తిరిగిన కొమ్ములు, పక్కన మడత పెట్టిన నల్లటి చర్మం. కృష్ణజింక. మా శనగ మొలకలు మేసిపోతుంటే నేను వందసార్లు తిట్టిన జాతే. కానీ దాని మీద చెయ్యి వేస్తే మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలని మా ఊళ్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు. గెట్టు మీద కూర్చుండిపోయాను.

పావని మేడం ఫోన్‌లో నా వీడియో పెట్టి చూపించింది. అందులో తుపాకీ లేదు, జీపు లేదు, శివకుమార్ లేడు. తొడ పట్టుకుని నేనొక్కణ్నే ఉన్నాను, నా భూమి నా భూమి అని అరుస్తూ.

"ఇది నువ్వే కదా?"

"నేనే మేడం. గని అది పందనుకున్న. మా దేవుడు కురుమూర్తి సామి తోడు, పందనే చెప్పిన్రు."

"పంది తొడ కోసం అబ్దుల్ వహాబ్‌తో కొట్లాడినవా? ఆయన పంది తింటాడా?"

ఎంత సులువైన సంగతి! పంది తొడ వహాబ్‌కి ఇస్తున్నామని శివకుమార్ అన్నప్పుడే ఎవడికైనా వెలగాలి. నాకు వెలగలేదు. ఆ పూట నాకు తొడ కనపడలేదు, నాలుగడుగుల పట్టీ ఒక్కటే కనపడింది. ఈ మాట చెబితే ఎవరు నమ్ముతారు? నేనే నమ్మను.

"ఎవరు కాల్చారో చెప్పు" అంది.

నేను తూర్పు వైపు చూశాను. శివకుమార్ పొలం, అందులోంచి వంకర తిరిగి వస్తున్న మా బండిబాట.

"శుక్రవారం ఆఫీసుకొచ్చి వాంగ్మూలం ఇవ్వు. రాకపోతే నేనే వస్తాను" అని పోయింది.

ఆ సాయంత్రమే శివకుమార్ మా ఇంటికొచ్చాడు. మంచం మీద కూర్చుని టీ అడిగి తాగాడు. పండక్కి జోగులమ్మ పిండివంటలు చేసిందా, సింధూజ డిగ్రీ ఎప్పుడైపోతుంది, అన్నీ అడిగాడు. అప్పుడు అసలు మాట తీశాడు.

"మూర్తీ, ఇదేం పెద్ద పరేషాన్ కాదు. జొన్న ఎవరిది? వహాబ్‌ది. ఆ పట్టీ దున్నేదెవరు? వహాబ్. జింకలు జొన్న మేస్తున్నయని ఆయనే ఎవరినో పిలిపించి కాల్పిచ్చిండు, తలకాయ ఆయన చేన్లనే పాతిపెట్టుకున్నడు. నీకు తొడ ఇచ్చి పందని చెప్పిండు. నువ్వు ఇంతే చెప్పు. పట్టీ ఆయనదేనని ఒక్క మాట ఒప్పుకో, నువ్వు బయటపడ్తవ్."

"పట్టీ నాది."

"అయితె జైలు గూడ నీదే." గ్లాసు కింద పెట్టి లేచాడు. గుమ్మం దాకా పోయి ఆగాడు. "శనగ ఎప్పుడు తీస్తవ్?"

"రెండు వారాలల్ల."

"మిషను రావాలె, ట్రాక్టర్ రావాలె. బాట జర మంచిగ చూస్కో" అన్నాడు. ఆ మాట ఎంత నెమ్మదిగా అన్నాడంటే, లోపలున్న సింధూజ అది బెదిరింపని కూడా అనుకోలేదు.

కుడితిలో పడ్డ ఎలుక అయింది నా బతుకు. శివకుమార్ పేరు చెబితే బాట పోతుంది, బాట పోతే పంట చేలోనే మట్టి అవుతుంది. ఈ సంవత్సరమే కాదు, ఇక ఎప్పటికీ. దారి లేని చేను ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. ఎవరి పేరూ చెప్పకపోతే వీడియో చాలు, జైలుకి పోతాను. మిగిలింది వహాబ్. చేనుకి పోతే నాలుగు పక్కలా ఎవరో గోడ కట్టినట్టుండేది.

"వహాబ్ మీద పెడ్తవా?" అని జోగులమ్మ అడిగింది.

"మరి నన్ను జైలుకు పొమ్మంటవా?"

"తొడ తెచ్చింది నువ్వు, తిన్నది నువ్వు. ఆ ముసలాయన తీస్కోకుమని చెప్పిండని నువ్వే చెప్పినవ్ గదయ్యా నాకు!"

"నీకు తెల్వదు, ఊకో" అన్నాను. తనకి తెలుసు. నాకూ తెలుసు. కోపం అక్కరకొచ్చేది అప్పుడే కదా, తప్పు మనదని తెలిసినప్పుడు.

శుక్రవారం పొద్దున ఆఫీసుకి పోయాను. చిన్న గది, కిటికీ తెరిచి ఉంది. పావని మేడం నన్ను కూర్చోమని కాగితం ముందు పెట్టుకుంది. నేను గుక్క తిప్పుకోకుండా శివకుమార్ నేర్పిన పాఠం అప్పజెప్పాను. పట్టీ వహాబ్‌ది. జింకలు జొన్న మేస్తున్నాయని వహాబే కాల్పించాడు. వహాబే పందని చెప్పి తొడ ఇచ్చాడు. పదహారేళ్లు ఎవరి ముందూ ఒప్పుకోని మాట, ఆ పట్టీ వహాబ్‌దని, నా నోటితో నేనే అన్నాను. గట్టిగానే చెప్పాను, గట్టిగా చెబితే నిజమనుకుంటారని.

ఆమె మొత్తం రాసింది. రాశాక పెన్ను నా వైపు జరిపింది. సంతకం పెట్టబోతుంటే, "ఆగు, ముందు ఇది చదువు" అని డ్రాయరులోంచి ఇంకో కాగితం తీసి ఇచ్చింది. "నిన్న అబ్దుల్ వహాబ్ వచ్చి రాసిచ్చాడు."

ఎవరితోనో రాయించుకున్న తెలుగు, కింద ఉర్దూలో సంతకం. చదివాను. గెట్టు పక్కనున్న నాలుగడుగుల పట్టీ కురుమూర్తిదే. వరద తర్వాత మా నాయన రాళ్లు జరిపి పాతించాడు, నేను పక్కనే ఉన్నాను, ఇన్నేళ్లూ నోరు విప్పలేదు, అది నా తప్పు. ఆదివారం జింకని కాల్చింది శివకుమార్, నేను కళ్లారా చూశాను. తల పాతిందీ ఆయన మనుషులే. కురుమూర్తి తర్వాత వచ్చాడు. అది ఏం జంతువో ఆయనకి తెలియదు. ఆయనకి కోపం ఎక్కువ గానీ మనిషి దొంగ కాదు.

చివరి వాక్యం రెండుసార్లు చదివాను. మూడోసారి చదవబోతే అక్షరాలు కనపడలేదు. పదహారేళ్లు ఈ మాట కోసం కొట్లాడాను. పట్టీ నీదే అని వహాబ్ ఒక్కసారి అంటే చాలు, చచ్చిపోయినా పర్వాలేదనుకున్నవాణ్ని. అన్నాడు. నేను ఆయన్ని జైలుకి పంపబోతున్న పూట అన్నాడు.

"రెండు కాగితాల్లో ఒకటి అబద్ధం" అంది పావని మేడం. "ఏదో చెప్పు."

బాట కళ్లముందు మెదిలింది. చేలో నిలబడి ఎండిపోతున్న శనగ మెదిలింది. అయినా ఎంతసేపని పెన్ను పట్టుకుని కూర్చుంటాను? "నాది మేడం" అన్నాను. "నాదే అబద్ధం. మళ్లీ రాయండి." శివకుమార్ పేరుతో మొదలుపెట్టి ఉన్నదున్నట్టు చెప్పాను, కూర నోట్లో పెట్టగానే పంది కాదని తెలిసిన సంగతితో సహా. తిన్నందుకు నా పేరూ కేసులో ఉంటుందంది. ఉండనివ్వండి అన్నాను.

బయటికి వచ్చాను. కిటికీ కిందున్న బెంచీ మీద వహాబ్ కూర్చుని ఉన్నాడు. ఆయన్ని కూడా ఆ పొద్దుటికే రమ్మన్నారట. తెరిచిన కిటికీ ఆయన తలకి మూరెడు పైన ఉంది.

"అంత ఇనపడ్డది మూర్తీ" అన్నాడు.

"రెండోసారి చెప్పింది గూడ ఇన్నవా?" అని అడిగాను. సిగ్గు లేని ప్రశ్న.

"ఇన్న. మొదటిది గూడ ఇన్న." లేచి లోపలికి పోయాడు.

కేసు రాశారు గానీ ఎవర్నీ అప్పుడే పట్టుకుపోలేదు. మర్నాడు పొద్దున్నే శివకుమార్ జేసీబీ తెప్పించి బండిబాటకి అడ్డంగా కందకం తవ్వించాడు, నిలువెత్తు లోతు. ఆయన పొలం, ఆయనిష్టం. ఎవరికి చెప్పుకోను? ఒక వారం గడిచింది, రెండో వారం వచ్చింది. కూలోళ్లు గుట్ట మీంచి నడిచొచ్చి శనగ పీకి కుప్పలు వేశారు. నూర్పిడి మిషను గుట్ట ఎక్కదు కదా. మబ్బు పట్టిన ప్రతి సాయంత్రం నా ప్రాణం పోయేది. ఒక్క వాన పడితే కుప్పలు మొలకెత్తుతాయి. పడమటి రోడ్డు నాకు కనపడుతూనే ఉంది. వహాబ్‌ని అడుగుదామంటే ఏ మొహం పెట్టుకుని అడగాలి? మూడుసార్లు గెట్టు దాకా పోయాను, మూడుసార్లు తిరిగొచ్చాను.

పదిహేనో రోజున చేనుకి పోయేసరికి వహాబ్ జొన్న కోస్తున్నాడు. ఇంకా నెల ఉండాల్సిన జొన్న, కంకుల్లో పాలే ఉన్నాయి. గెట్టు నుంచి తారు రోడ్డు దాకా, ట్రాక్టర్ పట్టేంత వెడల్పున, వరసగా కోసుకుంటూ పోతున్నాడు. చాలావరకు కోసేశాడు. నన్ను చూసి నడుం పట్టుకుని లేచాడు.

"మిషను తెచ్చుకో" అన్నాడు. "మా నాయన చేసినదానికి ఇది. నువ్వు చేసినదానికి నేనేం అనను. నాతోని మాత్రం మాట్లాడకు."

నాకు ఏడుపొచ్చింది. ఏదో అనబోయాను. ఆయన చెయ్యెత్తి ఆపాడు, మళ్లీ వంగి కొడవలి పట్టుకున్నాడు.

మధ్యాహ్నానికి మిషను తెచ్చాను, ట్రాక్టర్ తెచ్చాను. కోసిన జొన్న రెండు పక్కలా కుప్పలుగా పడి ఉంది, వాటి మీద చక్రం పడకుండా చూసుకుంటూ మెల్లగా తోలాను. వహాబ్ రోడ్డు పక్కన అటు తిరిగి నిలబడ్డాడు. నాలుగు ట్రిప్పులు తోలాను. నాలుగుసార్లూ ఆయన పక్క నుంచే పోయాను, ఒక్కసారి కూడా ఇటు తిరగలేదు.